రైలుపెట్టెలో దీపం: సంచాయక ఘటాలను నింపి, పరీక్షించిన చరిత్ర

గుంతకల్లు నుండి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగుళూరు చేరే రైలుమార్గం 1893లో మీటరుగేజి మార్గంగా ప్రారంభమైంది. సదరన్ మరాఠా రైల్వే కంపెనీ దానిని నడిపేది. ఆనాడు మన దేశపు రైలుపెట్టెల్లో రాత్రివేళ వెలిగినవి నూనెదీపాలు, కొన్ని మార్గాలలో గ్యాసు దీపాలు. విద్యుద్దీపం లోకానికి తెలియనిది కాదు. కాని పరుగెత్తే పెట్టెకు విద్యుత్తు ఎక్కడినుండి రావాలి? ఊరిలోని ఇంటికైతే తీగ లాగవచ్చు. రైలుపెట్టె తన విద్యుత్తును తాను మోసుకొనిపోవాలి, లేదా దారిలో పుట్టించుకోవాలి. పడకలు, వంటగది అమర్చుకొని రోడ్డుమీద తిరిగే మోటారు ఇళ్ళకు నేడు ఉన్న చిక్కు కూడ ఇదే.

మోసుకొనిపోవడం ముందుగా సాధ్యమయింది. 1859లో ఫ్రాన్సు దేశస్థుడు గాస్టన్ ప్లాంటే సీసపు రేకులను సజల గంధకామ్లంలో ఉంచి, ఖర్చయిన తరువాత మళ్ళీ విద్యుత్తుతో నింపగల ఘటాన్ని నిర్మించాడు. ఇదే సంచాయక ఘటం, వాడుకలో బ్యాటరీ. 1881లో కమిల్ ఫోర్ రేకులపై సీసపు ఆక్సైడు ముద్దను పూసి దానిని ఇంకా సమర్థంగా చేశాడు. ఆ ఏడే లండన్–బ్రైటన్ మార్గంలో ఒక పుల్మన్ పెట్టెను ఈ ఘటాలతో వెలిగించారు. స్టేషనులో నింపడం, దారిలో ఖర్చుచేయడం. దూరప్రయాణానికి అది చాలదు.

1890 దశకంలో ఇంగ్లండులోని జె. స్టోన్ కంపెనీ ఒక ఉపాయం తెచ్చింది. పెట్టె అడుగున డైనమోను వ్రేలాడదీసి, చక్రాల ఇరుసునుండి పట్టీతో దానిని తిప్పారు. బండి నడిచినంతసేపు డైనమో దీపాలను వెలిగిస్తూ ఘటాలను నింపుతుంది. ఆగితే ఘటాలు దీపాలను వెలిగిస్తాయి. అయితే బండి వేగం ఒకే తీరుగా ఉండదు. వేగం పెరిగితే వోల్టేజి పెరిగి దీపాలు మాడిపోవాలి. అందుకని డైనమోను నడుమ కాక ఒక ప్రక్కగా వ్రేలాడదీశారు. వేగం హద్దు మీరితే పట్టీ లాగుడుకు డైనమో ఇరుసువైపు జరుగుతుంది, పట్టీ వదులై జారుతుంది. బండి ఎంత పరుగెత్తినా డైనమో మాత్రం ఇంచుమించు ఒకే వేగంతో తిరుగుతుంది. పట్టీ జారడమంటే సాధారణంగా యంత్రానికి జబ్బు. దానినే మందుగా వాడుకొన్న తెలివి మెచ్చదగినది.

మన దేశంలో 1902లో జోధ్‌పూర్ రైల్వే తన పెట్టెలన్నిటికి విద్యుద్దీపాలను అమర్చుకొని ఇందులో మొదటిదయింది. క్రమంగా ఇరుసు డైనమో, 24 వోల్టుల ఘటమాల దేశమంతటా వ్యాపించాయి.

డైనమోకు, ఘటాలకు నడుమ ఒక కాపలాదారు ఉండాలి. హిందూపురం సముద్రమట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తున ఉంది. ధర్మవరం దానికి సుమారు 250 మీటర్లు దిగువన. ఆవిరియంత్రం బరువు లాగుతూ ఎత్తు ఎక్కేటప్పుడు వేగం తగ్గుతుంది. డైనమో వోల్టేజి ఘటాల వోల్టేజికంటె పడిపోవచ్చు. అప్పుడు విద్యుత్తు వెనుకకు పారి, ఘటాలే డైనమోను మోటారుగా తిప్పబోతాయి. అలా జరుగకుండా తనంతట తెగిపోయే మీటను అమర్చారు. దానికి ‘కటౌట్’ అని పేరు. బండి నెమ్మదిగా సాగినంతసేపు, స్టేషనులో నిలిచినంతసేపు భారమంతా ఘటాలదే. తెల్లవారేదాకా అవి నిలుస్తాయా అన్నది బండి బయలుదేరకముందే తెలియాలి.

ఇక్కడే పరీక్ష అవసరం. వోల్టుమీటరును ఒక్కదానినే నమ్మరాదు. బాగా ఖర్చయిన ఘటం కూడ దీపాలు వేయనప్పుడు ఇంచుమించు 2 వోల్టులు చూపగలదు. నిజం చెప్పేది ఆమ్లం. విద్యుత్తు ఖర్చయేకొద్దీ రెండు రేకులూ సీసపు సల్ఫేటుగా మారుతాయి, గంధకామ్లం తరిగి నీరు పెరుగుతుంది, ద్రవం పలుచనవుతుంది. ఉన్నత పాఠశాలలో పాల సాంద్రత చూపడానికి వాడే తేలుడు గొట్టమే, హైడ్రోమీటరే, ఇక్కడ పరీక్షాధికారి. రైలుపెట్టె ఘటం పూర్తిగా నిండితే 27 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద విశిష్ట సాంద్రత సుమారు 1.215 ఉంటుంది.

ఆ ‘27 డిగ్రీలు’ అన్న మాట రాయలసీమలో ముఖ్యమైనది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే ద్రవపు సాంద్రత 0.0007 తగ్గుతుంది. వేసవిలో ఘటంలోని ద్రవం 42 డిగ్రీలకు చేరిందనుకోండి. తేడా 15 డిగ్రీలు, 15ను 0.0007తో గుణిస్తే 0.0105. నిండు ఘటం కూడ 1.205 అంటుంది! లెక్క సవరించనివాడు ఘటం నిండలేదని ఇంకా నింపుతూ పోతాడు. అప్పుడు నీరు విడిపోయి ఉదజని, ఆమ్లజని వెలువడతాయి; ఘటం ఎండుతుంది. ఆ వాయువుల మిశ్రమం నిప్పురవ్వ తగిలితే ప్రేలుతుంది గనుక దగ్గర అగ్గిపుల్ల గీయరాదు.

నింపే యంత్రం పని చేస్తున్నదా అని చూడడం దీనికంటె తేలిక. విశ్రాంతిలో ఉన్న 12 ఘటాల మాల దాదాపు 24.6 వోల్టులు చూపుతుంది. యంత్రం తిరగడం మొదలయ్యాక అది క్రమంగా 28 దాపుకు పెరగాలి. ముల్లు కదలకపోతే పట్టీ వదులో, బ్రష్షులు అరిగాయో, ఫ్యూజు పోయిందో వెదకాలి. 30 దాటి పోతుంటే వోల్టేజిని అదుపుచేసే సాధనం చెడిందన్నమాట.

తరువాతి మార్పులను వేగంగా చెప్పుకోవచ్చు. బ్రష్షులు లేని ఆల్టర్నేటరు వచ్చి డైనమోను తొలగించింది. దాని విద్యుత్తును సరిచేసే రెక్టిఫయరు ఒకే దిశలో పారనిస్తుంది గనుక కటౌట్ పని దానికే దక్కింది. బండి వెనుదిరిగినప్పుడు డైనమో ధ్రువాలు తారుమారయే చిక్కు కూడ తీరింది. 24 వోల్టులు 110కి పెరిగాయి. 1980 దశకంలో ఈ మార్గం బ్రాడ్‌గేజిగా మారింది.

1969లో హౌరా–ఢిల్లీ రాజధాని ఎక్స్‌ప్రెస్‌తో మరొక పద్ధతి వచ్చింది. బండి కొసన ప్రత్యేకమైన పెట్టెలో డీసెలు జనరేటర్లను ఉంచి, బండి అంతటికి విద్యుత్తు పంపారు. వందల కిలోవాట్ల శక్తిగల యంత్రాలవి. అయినా మొదటి కదలిక కోసం చిన్న ఘటమాల ముందు చేయి చాపవలసినవే. డీసెలు యంత్రం తిరుగుతూ, తన వెంటనున్న చిన్న ఆల్టర్నేటరు ద్వారా ఆ మాలను నింపుతుంది. ఈ నింపుడు రహస్యంగా ఆగిపోయినా ఆనాడు ఎవరికీ తెలియదు. దీపాలు, పంకాలు చక్కగా నడుస్తాయి. మరునాడు యంత్రం లేవదు. అందుకే దీపాలు వెలుగుతున్నాయి గదా అనుకోక, యంత్రం నడుస్తుండగానే మాల కొసల వద్ద వోల్టేజిని వేరుగా చూడాలి.

ఇప్పుడు ఈ మార్గం విద్యుదీకరింపబడింది. ఎలక్ట్రిక్ ఇంజను పైతీగనుండి తీసుకొన్న విద్యుత్తునే పెట్టెలకు పంపే పద్ధతి వచ్చింది. అటువంటి బండ్లలో డీసెలు జనరేటరు ఆపత్కాలానికే మిగిలింది. ఎక్కువకాలం ఊరక ఉన్న సీసపు ఘటం తనంతట తాను ఖర్చవుతుంది. రేకులపై సల్ఫేటు గట్టిపడి మళ్ళీ నిండడానికి మొరాయిస్తుంది. కాబట్టి పని తక్కువైన ఆ జనరేటరు ఘటాలకే పరీక్ష మరింత తరచుగా కావాలి.