పాత డిస్కు స్థానమున క్రొత్త డిస్కు

ఇంటిలోని కంప్యూటరు ఏండ్లు గడచి మందగించినపుడు దాని హార్డు డిస్కును తీసి క్రొత్తదానిని అమర్చుట నేడు స్క్రూడ్రైవరు పట్టుకొనగల విద్యార్థి కూడ చేయగల పని. కాని కొంచెమాలోచించినచో ఇందులో ఒక వింత కలదు. ఒక కంపెనీ చేసిన యంత్రములో వేరొక కంపెనీ డిస్కు ఎట్లు ఇముడుచున్నది? గిరగిర తిరుగు పళ్ళెములున్న చోట ఏమాత్రమును కదలని సిలికాను ముక్కలను పెట్టినను, కంప్యూటరు ఆ తేడాను గమనింపక ఎట్లు పని చేయుచున్నది? ఈ సౌకర్యము వెనుక అర్ధ శతాబ్దపు చరిత్ర యున్నది.

మొదటి హార్డు డిస్కును 1956లో ఐ.బి.ఎం. కంపెనీ వెలువరించెను. కాలిఫోర్నియాలోని శాన్‌హోసేలో రెనాల్డ్ జాన్సన్ నాయకత్వమున దానిని నిర్మించిరి. రెండడుగుల వ్యాసము గల 50 పళ్ళెములు ఒకే ఇరుసుపై నిమిషమునకు 1,200 చుట్లు తిరుగుచుండెడివి. బరువు సుమారొక టన్ను. అందు పట్టినవి 50 లక్షల అక్షరములు మాత్రమే! 1962లో అదే కంపెనీ, పళ్ళెముల దొంతరను చేతితో ఎత్తి మార్చుకొనదగిన సాధనమును తెచ్చెను. ఇది మంచి సదుపాయమే. కాని దొంతరను మార్చునపుడెల్ల ధూళి చొరబడు భయముండెడిది. 1973లో వచ్చిన ‘వించెస్టర్’ సాధనములో పళ్ళెములను, వాటిని చదివెడి తలలను కలిపి ఒకే పెట్టెలో మూసివేసిరి. ధూళి బాధ తగ్గెను. అయితే నాటినుండి తల చెడినను పళ్ళెము చెడినను పెట్టెయంతయు చెడినట్లే అయ్యెను.

ఇవన్నియు పెద్ద కార్యాలయముల యంత్రములు. చిన్న కంప్యూటరులకు తగిన డిస్కును 1980లో, తరువాత సీగేట్ అను పేర ప్రసిద్ధి చెందిన కంపెనీ చేసెను. దాని సామర్థ్యము 50 లక్షల బైట్లు. ఆనాటి చిన్న కంప్యూటరులలో ఐదుంబావు అంగుళముల ఫ్లాపీలను నడుపు సాధనమునకు ఒక అర యుండెడిది. క్రొత్త డిస్కును సరిగా ఆ అరలో పట్టునంత కొలతతో చేసిరి. క్రొత్త వస్తువు పాత వస్తువు కొలతను ధరించుట అను ఈ ఉపాయము మరల మరల కనబడును.

శరీరము ఇమిడినది, మాట కలియవలదా? 1983లో వచ్చిన ఐ.బి.ఎం. ఎక్స్.టి. కంప్యూటరును చూడుడు. అందలి డిస్కునకు 4 తలలు. ఒక్కొక్క తల క్రింద 306 వలయములు, ఒక్కొక్క వలయమున 17 ఖండములు, ఒక్కొక్క ఖండమున 512 బైట్లు. విద్యార్థులు గుణించి చూచుకొనవచ్చును: 1,06,53,696 బైట్లు. ఈ లెక్క డిస్కునకు తెలియదు! కంప్యూటరులో వేరుగా గ్రుచ్చిన నియంత్రక ఫలకమే ‘ఇన్నవ వలయమునకు పొమ్ము, ఫలాని తలతో చదువుము’ అని నడిపింపవలెను. డిస్కునకు, ఫలకమునకు నడుమ 34 తీగెల పట్టీ ఒకటి, 20 తీగెల పట్టీ ఒకటి. వేరు కొలతల డిస్కును పెట్టినచో ఫలకమునకు ఆ సంఖ్యలు తెలుపవలెను. మరియొక రకపు ఫలకమును మార్చినచో, డిస్కు చెక్కుచెదరకున్నను అందలి వ్రాత చదువరానిది కావచ్చును.

1986లో ఈ చిక్కు విడెను. వెస్ట్రన్ డిజిటల్, కాంపాక్ కంపెనీల కృషివలన నియంత్రకము కంప్యూటరును విడిచి డిస్కు మీదికే చేరెను. ఈ పద్ధతికి ఐ.డి.ఇ. అని పేరు. వలయములను వెదకు భారము ఇక డిస్కుదే. కొంతకాలమునకు ఖండములన్నిటికి సున్న మొదలు వరుస సంఖ్యలిచ్చు పద్ధతి వాడుకలోనికి వచ్చెను. కంప్యూటరు ‘ఫలాని సంఖ్య గల ఖండమును ఇమ్ము’ అని అడుగును, డిస్కు ఇచ్చును. లోపల తలలెన్నియో, అసలు తలలున్నవో లేవో, అడుగువానికి పని లేదు. డిస్కుల చరిత్ర వ్రాయువారు సామర్థ్యము ఇన్ని రెట్లు పెరిగినదని చెప్పి మురియుదురు. ఇంటివాని దృష్టితో చూచిన ఈ చిన్న మార్పే గొప్పది.

జపానులో తోషిబా కంపెనీకి చెందిన ఫుజియో మసువోకా 1984లో లోకమునకు వెల్లడించిన ‘ఫ్లాష్’ జ్ఞాపక సాధనము ఈ ద్వారమునుండియే డిస్కు స్థానమున ప్రవేశించినది. దీనిలో వ్రాత విద్యుదావేశ రూపమున నిలుచును. వ్రాసినచోటనే మరల వ్రాయుటకు వీలులేదు. ముందు పెద్ద భాగమును ఒక్కసారిగా చెరపవలెను. అందుచే దాని నియంత్రకము క్రొత్త వ్రాతను వేరుచోట ఉంచి, ఏ సంఖ్య గల ఖండము ఎచ్చటనున్నదో పట్టిక వ్రాసికొనును. కంప్యూటరునకు మాత్రము ఎప్పటివలె వరుస సంఖ్యలే కనిపించును. 2007 ప్రాంతమున ఇట్టివి ల్యాప్‌టాప్ డిస్కుల రెండున్నర అంగుళముల పెట్టెలో, 2003లో వెలువడిన సాటా పద్ధతి తీగెతోనే అంగడికి వచ్చెను. అనేకముల మూత తీసి చూచిన సగము ఖాళీయే!

వేగమునకు కారణము కూడ లెక్కకు అందునదే. నిమిషమునకు 7,200 చుట్లు తిరుగు పళ్ళెము ఒక చుట్టునకు 8.3 మిల్లీసెకనులు తీసికొనును. కావలసిన ఖండము తలక్రిందికి వచ్చుటకు సగటున అందులో సగము వేచియుండవలెను. తల కదలు కాలము దీనికి అదనము. ఫ్లాష్ సాధనమునకు సాధారణముగా మిల్లీసెకనులో పదవ వంతు చాలును.

ఈ మార్పిడిలో సులభము కానిది ఒకటున్నది. డిస్కు అంగడిలో దొరకును, అందలి వ్రాత దొరకదు. తల్లిదండ్రుల ఛాయాచిత్రములు, ఉపాధ్యాయుడు పదేండ్లు కూర్చిన పాఠములు ఆ మూసిన పెట్టెతోనే పోవును. పళ్ళెముల డిస్కు చెడుటకు ముందు తరచుగా టక్కుటక్కుమని చప్పుడు చేయును. చప్పుడు వినిన దినముననే ప్రతి తీసికొనవలెను. ఫ్లాష్ సాధనము ఆ మాత్రపు హెచ్చరికయు లేకయే ఆగిపోవచ్చును. చెరపి వ్రాయుటకు దానికొక పరిమితి కలదు. కనుక పాత, క్రొత్త సాధనములను రెంటిని ఒకేసారి తగిలించి వ్రాతనంతయు ఎక్కించి, క్రొత్తదానినుండి కంప్యూటరును నడిపి, ఫైళ్ళు తెరచి చూచిన పిదపనే పాతదానిని ప్రక్కన పెట్టవలెను. దానిని ఇతరులకిచ్చునపుడు ఫైళ్ళను తొలగించిన మాత్రమున చాలదు. పళ్ళెముల డిస్కులో తొలగింపు వలన సామాన్యముగా సూచికలోని పేరు మాత్రమే పోవును. మరియొక వ్రాత దానిపై పడువరకు పాత వ్రాత అచ్చటనే యుండును.