పూచీ అంటే పేరు రాయడం

"ఈ మనిషికి నేను పూచీ" అనే మాట బరువెంతో చెప్పే పాత చరిత్ర ఒకటి ఈసారి రాస్తున్నాము. ఇది ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ పట్టణంలో జరిగింది.

క్రీ.శ. 250లో రోము చక్రవర్తి డీసియస్ ఆజ్ఞ ప్రకారం ప్రజలు దేవతలకు బలి ఇచ్చి, అధికారుల దగ్గర చీటీ తీసుకోవాలి. అలాంటి చీటీలు ఈజిప్టులో నలభైకి పైగా దొరికాయి. క్రైస్తవుల్లో కొందరు ఒప్పుకోక జైలుకు పోయారు. చాలామంది భయపడి బలి ఇచ్చారు. ఇంకొందరు బలి ఇవ్వకుండానే డబ్బిచ్చి చీటీ సంపాదించారు.

తప్పినవాళ్లు మళ్లీ సభలో చేరాలనుకున్నారు. అందుకు జైల్లో బాధలు పడ్డవాళ్ల దగ్గరికి వెళ్లి సిఫారసు అడిగారు. హింసకు తట్టుకున్నవాళ్ల మాటకు అంత గౌరవం ఉండేది. అయితే కొన్ని చీటీల్లో "ఫలానావాడినీ, అతని వాళ్లనూ చేర్చుకోండి" అని మాత్రమే ఉండేది. చివరికి అందరికీ కలిపి ఒకే చీటీ కూడా రాశారు.

కార్తేజ్ బిషప్పు సిప్రియన్ అప్పుడు అజ్ఞాతంలో ఉన్నాడు. అక్కడినుంచే ఉత్తరాలు రాశాడు. "అతని వాళ్లు" అంటే చుట్టాలు, పనివాళ్లు అని చెప్పుకుంటూ ఇరవై ముప్పై మంది వచ్చి నిలబడితే ఏం చేయాలి అన్నది ఆయన బాధ. మీరు స్వయంగా ఎరిగినవాళ్లకు, పశ్చాత్తాపం మీ కళ్లతో చూసినవాళ్లకు, పేరు పెట్టి రాయండి అని కోరాడు.

251లో కార్తేజ్‌లో బిషప్పులు కూడారు. చీటీ మాత్రం కొన్నవాళ్లను ఒక్కొక్కరినీ విచారించి చేర్చుకోవాలనీ, బలి ఇచ్చినవాళ్లు చాలాకాలం ప్రాయశ్చిత్తం చేయాలనీ, వాళ్లకు మరణ సమయంలోనైనా క్షమ దొరకాలనీ తీర్మానించారు. రోములో నొవేషియన్ మాత్రం తప్పినవాళ్లను ఎప్పటికీ చేర్చుకోకూడదన్నాడు. కొద్దికాలానికే మళ్లీ హింస వస్తుందనిపించి, ప్రాయశ్చిత్తంలో ఉన్నవాళ్లందరినీ కార్తేజ్ సభ చేర్చుకుంది. 258లో సిప్రియన్‌కే మరణశిక్ష పడింది.

మేము రైల్వేలో పాసులు చూసినవాళ్లం. "కుటుంబం" అని రాస్తే చాలదు, ఒక్కొక్కరి పేరూ, సంబంధమూ ఉండాలి. మనుషులకు పూచీ పడేటప్పుడూ అంతే. తలుపు మూసెయ్యడం సులభం, అందరికీ ఒకే చీటీ ఇవ్వడమూ సులభం. తప్పినవాడి దగ్గరికి పోయి, అతని నడత చూసి, అతని పేరు రాసి, కింద మన పేరు పెట్టడమే కష్టం. మన సంఘంలో ఎవరైనా తప్పి తిరిగొస్తే, ఆ కష్టానికి మనలో ఒక్కరైనా ముందుకు రావాలని మా కోరిక.