చెంచాలో గడ్డకట్టిన మూత్రం

ఒళ్లంతా నీరుపట్టి వచ్చిన రోగి మూత్రాన్ని చెంచాలో పోసి, కొవ్వొత్తి మంటపై వేడిచేస్తే కోడిగుడ్డు తెల్లసొనవలె తెల్లగా గడ్డకట్టేది. లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ ఇటువంటి రోగుల వృత్తాంతాలను 1827లో గ్రంథంగా ప్రచురించాడు. నిజానికి మూత్రం ఇలా గడ్డకట్టడాన్ని ఇటలీ వైద్యుడు కొతూన్యో 1764లోనే వర్ణించాడు. బ్రైట్ ఘనత వేరు. ఒంటి వాపు, మూత్రంలోని మాంసకృత్తులు, శవపరీక్షలో కనిపించిన చెడిన మూత్రపిండాలు, ఈ మూడింటినీ ఒకే వ్యాధిగా ముడివేసినవాడు ఆయనే. ఆపైన శతాబ్దానికి పైగా దానిని బ్రైట్ వ్యాధి అనే పిలిచారు.

చెంచా పోయి పరీక్షనాళిక వచ్చినా పద్ధతి అదే. మా తరం వైద్యవిద్యార్థులమూ మూత్రాన్ని మరిగించి, ఎసిటిక్ ఆమ్లం చుక్క వేసి చూసినవాళ్లమే. ఆమ్లం వేశాక కూడా తెలుపు నిలిస్తే అది మాంసకృత్తు, కరిగిపోతే ఫాస్ఫేట్. 1957లో ఆల్బుస్టిక్స్ అనే కాగితపు పట్టీ వచ్చింది. పసుపురంగు పట్టీ ఆకుపచ్చగా మారితే చాలు, మంటతో పనిలేదు.

అయితే పట్టీ కంటికి ఆనేది ముదిరిన వ్యాధి. ఆరోగ్యవంతుని మూత్రంలో రోజుకు 30 మిల్లీగ్రాములకు మించి ఆల్బుమిన్ పోదు. 30కీ 300కీ మధ్య పోతున్న దశను పట్టీ తరచు గుర్తించలేదు. అంత స్వల్పమొత్తాన్ని కొలిచే పద్ధతిని 1963లో హ్యారీ కీన్, క్లూవరాకిస్ వెలువరించారు. ఆ స్వల్పమే మధుమేహ రోగులలో రానున్న మూత్రపిండ వ్యాధికి ముందుసూచన అని 1982లో వైబెర్తి బృందం చూపింది. కీన్, వైబెర్తి ఇద్దరూ బ్రైట్ పనిచేసిన గైస్ ఆసుపత్రివారే కావడం విశేషం! నంద్యాల, ఆళ్లగడ్డల మధ్యనున్న శిరివెళ్లలో ఏళ్ల తరబడి షుగరు మాత్రలు మింగుతున్నవారికి అక్కరకు వచ్చేది ఈ పరీక్షే. ఉదయపు తొలి మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్‌ల నిష్పత్తిని ఏడాదికొకసారి చూపించుకోవాలి. కాళ్లవాపు వచ్చాక చూసుకోవడమంటే తిరిగి 1827కు పోవడమే.

ఇంతటి పరీక్షకూ లొంగని జబ్బు మన రాష్ట్రంలోనే ఉన్నది. శ్రీకాకుళం జిల్లాలోని కొబ్బరి, జీడిమామిడి తోటల సీమ ఉద్దానంలో మధుమేహం, రక్తపోటు లేనివారికీ మూత్రపిండాలు చెడుతున్నాయి. అక్కడ ప్రధానంగా దెబ్బతినేది ఆల్బుమిన్‌ను ఆపే వడపోత గుచ్ఛం కాదు. దాని తరువాతి సన్ననాళికలు, వాటి చుట్టూ ఉండే కణజాలం. అందువల్ల మూత్రంలో మాంసకృత్తు పోయేది అతిస్వల్పం, ఒక్కొక్కరిలో అసలే కనబడదు. ఒంటికి నీరూ పట్టదు. పట్టీ పసుపుగానే ఉంటుంది, రక్తంలో క్రియాటినిన్ మాత్రం పెరిగిపోయి ఉంటుంది. బ్రైట్ వేసిన ముడి ఇక్కడ విడిపోయింది. కనుక ఉద్దానంలో మూత్రంతోపాటు రక్తాన్నీ పరీక్షించక తప్పదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. వ్యాధికి మూలకారణం ఇంకా తేలలేదు.