బందరు రేవు – పేకముక్కలు

నిరుడు సంక్రాంతి సెలవులకు వచ్చిన మా మనుమడు, "తాతయ్యా, రమ్మీ ఆట నేర్పవా?" అని అడిగెను. ఆ మాట విని ఇంటిల్లిపాదియు నా ముఖము వంక చూచిరి. మా ఇంట పేకముక్క కనబడి అప్పటికి నలువది యేండ్లు దాటినది. దానికి కారణము తరువాత మనవి చేసెదను. ఆట నేర్పుటకు ముందు ముక్కల పేర్లు నేర్పవలెను గదా. ఆ పేర్లు నేర్పబోయిన బందరు చరిత్ర చెప్పవలసి వచ్చినది.

బందరులో వలందపాలెము కలదు, పరాసుపేట కలదు, ఇంగ్లీషుపాలెము కలదు. వలందులనగా హాలెండు దేశపు డచ్చివారు, పరాసులనగా ఫ్రెంచివారు. గోలకొండ సుల్తానుల యేలుబడిలో నుండిన ఈ రేవునకు డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను అద్దకపు బట్టల వర్తకమునకై వచ్చిరి. 1824 నాటి సంధి వలన డచ్చివారు హిందూదేశమందలి తమ స్థానములను ఇంగ్లీషువారికి విడిచిపోయిరి. బందరులో వారి సమాధులు నేటికిని ఉన్నవి. సమాధులు చూడ బోవువారు కొలదిమందియే. కాని వారి మాటలు రెండు ప్రతి పల్లెటూరి అరుగుమీదను వినబడుచున్నవి.

ఒకటి కళావరు. డచ్చి భాషలో ఆ రంగును క్లావెర్ అందురు. మూడాకుల గడ్డి అని అర్థము. ముక్కమీది బొమ్మ చూచినచో మూడాకులును మనకే కనబడును. రెండవది ఆఠీను. వారి హార్టెన్, అనగా హృదయములు, మన నోట ఆఠీను అయినది. ఇస్పేటు మాత్రము డచ్చిమాట కాదు. పోర్చుగీసువారు ఖడ్గమునకు చెప్పు ఎస్పాద అను పదమునకు చేరువయైనది. డైమను ఇంగ్లీషువారిది. దివిసీమలో కళ్లము వద్ద కూర్చుండి కళావరు రాణిని పడవేయు రైతు, తానెరుగకయే వలందుల భాష మాటలాడుచున్నాడు.

అంతకు ముందు మన దేశమున పేకలు లేకపోలేదు. గంజీఫా అను గుండ్రని ముక్కలుండెను. బాబరు పాదుషా 1527లో ఒక మిత్రునకు గంజీఫా పంపినట్లు తన చరిత్రలో వ్రాసికొనెను. దశావతారముల బొమ్మలతో 120 ముక్కల కట్టలు చేయుట కూడ కలదు; తెలంగాణములోని నిర్మల చిత్రకారులు వానిని చిత్రించిరి. రమ్మీ వీనికంటె చాల చిన్నది. దీని పూర్వరూపము 19వ శతాబ్దిలో మెక్సికో దేశమున ఆడిన కాంక్వియన్ అను ఆట యని పలువురు చరిత్రకారుల మతము.

1855లో బెజవాడ ఆనకట్ట ముగిసిన పిమ్మట గుడివాడ ప్రాంతపు పొలములకు కాలువనీరు స్థిరపడినది. పంట ఇంటికి చేరిన నెలలలో తీరికయు, రొక్కమును ఒక్కసారియే వచ్చునవి. తీరిక ఆటను పెంచినది. రొక్కము పందెమును పెంచినది.

నేనీ యాట దివిసీమలో మా మేనమామగారి అరుగుమీద నేర్చుకొంటిని. అది 1977 నవంబరు ఉప్పెనకు మూడేండ్ల ముందటి మాట. రెండు కట్టలు కలిపి, ఒక్కొక్కరికి పదమూడు ముక్కలు పంచుదురు. ఒకటి తీసికొని ఒకటి పడవేయుచు వరుసలు కూర్చవలెను. అందొక వరుస జోకరు లేకుండ కుదురవలెను. మామయ్య ఇట్లు చెప్పెడివాడు: "ఒరే, ఆఠీను ఆరును ఎనిమిదియు పట్టుకొంటివా, నీకు ఏడే కావలెను, రెండు కట్టలలోను ఏడులు రెండే. ఏడును ఎనిమిదియు పట్టుకొంటివా, ఆరులు రెండు, తొమ్మిదులు రెండు, నాలుగు దారులు. క్రిందపడిన ముక్కను మరచినవాడు, పోయినదాని కొరకే కాచుకొని కూర్చుండును." అన్నిటికంటె గట్టిగా చెప్పిన పాఠము మరియొకటి: "పంచిన ముక్కలు బాగుండనిచో మొదటనే పడవేసి లేచిపొమ్ము. ఇరువదితో పోవును. మొండికెత్తితివా, ఎనుబది."

1967లో భారత సుప్రీముకోర్టు సికిందరాబాదులోని ఒక క్లబ్బు వ్యాజ్యెమున ఇదే న్యాయము చెప్పినది. పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనవలెను, ఏది ఉంచవలెనో ఏది విడువవలెనో తెలియవలెను. కాన రమ్మీ ప్రధానముగా నేర్పుతో కూడిన ఆట, మూడుముక్కలాట వలె కేవలము అదృష్టము కాదు అని తీర్పు. అయితే పందెముల వలన క్లబ్బువారు లాభము తీసికొన్నచో నేరము కావచ్చునని ఆ తీర్పులోనే కలదు. జనులు మొదటి మాట జ్ఞాపకముంచుకొని రెండవది మరచిరి.

మా మామయ్యయు మరచెను. ఉప్పెన తరువాత అతడు పట్టణములో నొక క్లబ్బునకు పోవ మొదలిడెను. అతని ఆటలో లోపము లేదు. కాని అరుగుమీద నాకు నేర్పిన ఆఖరు పాఠము అచ్చట అతనికి అక్కరకు రాలేదు. ఓడిన రాత్రి లేచి రాలేకపోయెను. సముద్రము వచ్చి పోయినను మిగిలిన రెండెకరముల మాగాణి పేకబల్లమీద మిగులలేదు. కాగితములమీద వ్రేలిముద్ర వేసి వచ్చిన నాడు మా అత్తయ్య ఒక్క మాటయు అనలేదు. మా అమ్మ మాత్రము ఇంట నున్న పేకకట్టలు తెచ్చి పొయ్యిలో వేసినది.

నలుడు పుష్కరునితో జూదమాడి రాజ్యము పోగొట్టుకొనెను. తరువాత ఋతుపర్ణునివద్ద అక్షహృదయము నేర్చెను. ఋతుపర్ణుడు చెట్టు ఆకులను, కాయలను కంటితో చూచి లెక్క చెప్పగలవాడు. లెక్క నేర్చినవాడు గెలిచినాడని మనము కథ చెప్పికొందుము. కాని గెలిచిన పిమ్మట నలుడు మరల జూదశాలకు పోలేదు. అదియు ఆ విద్యలోని భాగమే.

నేడు క్లబ్బునకు పోనక్కరలేకుండ జేబులోని ఫోనే పేకబల్ల అయినది. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2020లో దానిని నిషేధించినది. 2025 ఆగస్టులో భారత పార్లమెంటు డబ్బుపెట్టి ఆడు అంతర్జాల క్రీడలను దేశమంతట నిషేధించుచు చట్టము చేసినది. చట్టము తలుపు వేయగలదు, లేచిపోవుట నేర్పలేదు. అది ఇంటిలోని పెద్దల పని.

కావున మనుమనికి నేర్పితిని. రొక్కము లేదు, చెరి రెండువందల చింతగింజలు. మూడవ నాటి ఆటలో వాడు తన ముక్కలు చాలసేపు చూచి, బోర్లించి, ఇరువది గింజలు నావైపు జరిపెను. "పడవేసితివేమిరా?" అంటిని. "ఒక్క వరుసయు కుదరదు తాతయ్యా" అనెను. గోడమీది మామయ్య పటము క్రిందనే మేము కూర్చుండియుంటిమి. ముక్కలు నేనే మరల కలిపితిని.