గాలి సోకని ద్రవం: బొట్యులిజం పరిశోధనలో ఒక చారిత్రక ఘట్టం

ఆహారాన్ని విషపూరితం చేసే సూక్ష్మజీవుల్లో కొన్నింటికి ఆక్సిజనే విషం. గాలి లేకుండా జీవించే సూక్ష్మజీవులను లూయీ పాశ్చర్ 1861లోనే గుర్తించినా, ఆ జ్ఞానం బొట్యులిజం వ్యాధితో ముడిపడటానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది.

1895 డిసెంబరులో బెల్జియంలోని ఎలెజెల్ గ్రామంలో ఒక అంత్యక్రియకు వచ్చిన వాద్యబృందం ఉప్పునీటిలో ఊరవేసిన పంది తొడ మాంసాన్ని వండకుండానే తిన్నది. ముగ్గురు మరణించారు. ఘెంట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ ఆ మాంసం నుంచి, ఒక మృతుని ప్లీహం నుంచి ఒకే సూక్ష్మజీవిని వేరుచేసి, 1897లో సమగ్ర వివరణ ప్రకటించాడు. అదే పంది రెండవ తొడ మాంసం ఎవరికీ హాని చేయలేదు. విషపూరితమైనది మాత్రం పీపా అడుగున ఉప్పునీటిలో పూర్తిగా మునిగి, గాలికి దూరంగా ఉన్నది. పీపా అడుగే ఆ సూక్ష్మజీవికి వర్ధనయానకమైంది.

తరువాతి ప్రయోగశాలలు ఆ పీపా అడుగును గాజునాళికలో పునఃసృష్టించాయనవచ్చు. 1916లో మ్యూరియెల్ రాబర్ట్‌సన్ వాడిన ఉడికించిన మాంసపు యానకంలో మాంసపు తునకలే ఆక్సిజన్‌ను హరిస్తాయి. 1940లో బ్రూవర్ రూపొందించిన యానకంలో ఆ పనిని సోడియం థయోగ్లైకొలేట్ చేస్తుంది. స్వల్పంగా కలిపిన అగార్ గాలి కిందికి దిగకుండా అడ్డుకుంటుంది. అందువల్ల నాళిక మూతి వద్ద గాలి ఉన్నా అడుగున సూక్ష్మజీవి పెరుగుతుంది.

ఈ చరిత్ర ఆహారపరీక్షకు ఒక హెచ్చరిక. గాలి సోకిన నాళికలో ఏమీ పెరగకపోవడం ఆహారం నిర్దోషమనడానికి ఆధారం కాదు.