కొండవీటి శిఖరముపై ఒక శరద్దినము

ఆశ్వయుజమాసమున ఒక ఆదివారమునాడు మేము నలుగురము కొండవీడు ఎక్కితిమి. నేడు పైదాక ఘాటురోడ్డు ఉన్నది. కాని కోటను తెలిసికొనదలచినవారు దానిని ముట్టడించినవారివలెనే కాలినడకన ఎక్కవలెనని మాలో పెద్దవారు పట్టుబట్టిరి.

వానలు వెనుదిరిగిన దినములు. త్రోవ పొడవునా సీతాఫలములు కండ్లు విచ్చుచున్నవి. ఆ చెట్టు అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి వెంట వచ్చినదని పలువురు పండితుల మతము. అదియే నిజమైనచో, 1424 నాటికే రాజ్యము కోల్పోయిన రెడ్డిరాజులు ఆ రుచి ఎఱుగరు. వసంతరాయలని బిరుదు వహించిన కుమారగిరిరెడ్డికి సైతము అది దక్కలేదు, పాపము!

శిఖరమునుండి క్రిందికి చూచినంతనే, అనవోతారెడ్డి అద్దంకిని విడిచి రాజధానిని ఇచ్చటికి ఏల మార్చెనో మాకు బోధపడినది. ఒకవైపు ఫిరంగిపురము, మఱొకవైపు చెన్నై, కలకత్తాల రహదారి, నడుమ నల్లరేగడి చేలు. ఏ దిక్కున సేన కదలినను ముందుగనే కనబడును.

మఱి ఇట్టి దుర్గము ఎట్లు లొంగినది? రెడ్డిరాజుల తరువాత అది ఓఢ్ర గజపతుల వశమైనది. 1514లో పట్టుబడిన ఉదయగిరి శ్రీకృష్ణదేవరాయలను ఏడాదికి పైగా నిలిపినది. కొండవీడో, కొలది నెలలలోనే, 1515 జూన్ 23వ తేదీన పడినది. ప్రతాపరుద్ర గజపతి కుమారుడు వీరభద్రుడు బందీ అయ్యెను.

మధ్యాహ్నమునకు మా సీసాలలోని నీరు నిండుకొన్నది. ముత్యాలమ్మ చెఱువు గట్టున కూలబడితిమి. ఎదుట చెఱువు కళకళలాడుచున్నది. పుట్టలమ్మ చెఱువు, వేదుళ్ళ చెఱువు కూడ కొండమీదివే. ఇన్ని నీళ్లుండగా కోటవారికి కొఱత యేమని మొదట అనుకొంటిమి. పిమ్మట శాసనములోని తిథి జ్ఞప్తికి వచ్చినది: ఆషాఢ శుద్ధ ఏకాదశి. అనగా ముట్టడి నడచినది వేసవిలో! ఇవి వాననీటిని పట్టి నిలుపు చెఱువులు. చుట్టును శత్రువు, లోపల సేన, పరివారము, గుఱ్ఱములు, ఏనుగులు. తొలకరి సరిగా పడకమునుపే కోట లొంగినది. ప్రశస్తులు రాయల పరాక్రమమునే కొనియాడినవి, అది ఉన్నమాటయే. కాని దాహమునకును అందు కొంత పాలు ఉండవలెనని మా ఊహ.

రాబోవు జ్యేష్ఠమున మరల ఎక్కి, ఆ చెఱువులలో నీరెంత మిగులునో కన్నులార చూడవలెనని నిశ్చయించుకొని దిగితిమి. ఈసారి మనిషికి రెండేసి సీసాలు.