చెర్ల, చెర్లకు, చెర్లకెల్లి: లాటిన్ ప్రిపొజిషన్ల చదువుకు సిద్దిపేట ఆధారాలు

తెలుగు విద్యార్థికి లాటిన్ విభక్తులు చెప్పాల్సి వస్తే మన పండితులు మొదట చేసే పని 'డుమువులు' పట్టికను ముందు పెట్టడం. నామినేటివ్ ప్రథమ, అక్యూజటివ్ ద్వితీయ, డేటివ్ చతుర్థి, అబ్లేటివ్ పంచమి అని జతలు కట్టేస్తారు. సంస్కృతమూ లాటినూ ఒకే కుటుంబం గనుక ఇదే రాజమార్గమనీ, ద్రావిడ భాష అయిన తెలుగు, అందులోనూ ఇంట్లో మాట్లాడే తెలుగు, ఇక్కడ అక్కరకు రాదనీ వారి నమ్మకం. ఇతర విషయాల సంగతి ఎలా ఉన్నా, ప్రిపొజిషన్ల దగ్గర ఈ నమ్మకం తలకిందులుగా ఉంది. అక్కడ సిద్దిపేట జనం మాటే లాటిన్‌కు దగ్గరి దారి.

సిద్దిపేటలో లాటిన్ ఎవరికి కావాలంటారా? కోర్టులో ఎక్స్ పార్టే, సబ్ జుడిసీ, సైన్ డై వినిపిస్తాయి. 2018లో మొదలైన ప్రభుత్వ మెడికల్ కాలేజీలో ఇన్ విట్రో, పెర్ ఓస్ చదువుతారు. ఇవన్నీ ప్రిపొజిషనూ, అది కోరిన విభక్తిలో ఉన్న నామమూ కలిసిన పదబంధాలే. ఊరందరి నోటా ఉన్న పోస్ట్‌మార్టం కూడా అంతే. 'పోస్ట్' అక్యూజటివ్‌ను కోరుతుంది, చివరి మకారం ఆ విభక్తి గుర్తు. మనం దాన్ని బెల్లం, పుస్తకం వరసలో ప్రథమాంతం చేసుకుని 'పోస్ట్‌మార్టానికి' అంటూ పైన ఇంకో విభక్తి తగిలించాం.

పూర్వ పరిశోధనలో ముందు తలచుకోవాల్సినవాడు జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్. ఆయన మద్రాసులో 1728లో లాటిన్ భాషలో రాసిన తెలుగు వ్యాకరణం 1984 దాకా అచ్చుకు నోచుకోలేదు. 1840లో బ్రౌన్ వ్యాకరణం వచ్చింది. 1856లో కాల్డ్వెల్, ద్రావిడ భాషలకు సంస్కృతపు లెక్కన విభక్తులు కట్టడం కృత్రిమమని చెప్పాడు. రెండేళ్లకే, 1858లో, చిన్నయసూరి బాలవ్యాకరణం వెలువడింది. మన తగవు దానితోనే.

చిన్నయసూరి పట్టికలో కిన్, కున్, లోన్, లోపలన్ అనేవి 'యొక్క'తో కలిసి షష్ఠిలో కూర్చున్నాయి. చోటు చెప్పే 'లో', గమ్యం చెప్పే 'కు' ఒకే గదిలో ఉన్నాయన్నమాట. పంచమిలో వలనన్, కంటెన్, పట్టి ఉన్నాయి. బయలుదేరిన చోటును చెప్పే 'నుండి', బడిపిల్లలు వల్లించే ఆ వరసలో కనిపించదు. సూరి రాసింది కావ్యభాషకనే సమాధానం ఒకటుంది, దాన్ని కాదనను. కానీ ఈ పట్టికతో లాటిన్‌లోకి దిగినవాడికి ఉన్నచోటు, చేరేచోటు, విడిచేచోటు అనే మూడు గీతలూ చెరిగిపోతాయి. లాటిన్ ప్రిపొజిషన్ల బండి నడిచేది ఆ మూడు గీతల మీదే.

'అబ్లేటివ్ అంటే పంచమి' అన్న సూత్రం ఇంకా హానికరం. లాటిన్ అబ్లేటివ్‌లో పాత పంచమితో పాటు తృతీయ, సప్తమి కూడా కలిసిపోయాయి. ఎక్స్, అబ్, దే అనే మాటల తర్వాత అది పంచమిలా పనిచేస్తుంది. కుమ్‌తో వస్తే 'తోని'. ఇన్‌తో వస్తే 'ల', అంటే 'లో'. పంచమి ఒక్కటే పట్టుకున్న విద్యార్థి 'ఇన్ విట్రో' దగ్గరే బోల్తా పడతాడు.

ఇప్పుడు కోమటిచెరువు గట్టు మీది మాట వినండి. 'చెర్ల నీళ్లున్నయి.' 'చెర్లకు నీళ్లొచ్చినయి.' 'చెర్లకెల్లి నీళ్లు పోతున్నయి', అంటే చెరువులోంచి. లాటిన్‌లో మొదటిది ఇన్ లకూ, అబ్లేటివ్. రెండోది ఇన్ లకుమ్, అక్యూజటివ్. మూడోది ఎక్స్ లకూ, మళ్లీ అబ్లేటివ్. మన పిల్లవాడు 'చెరువుకు పోయిండు' అన్నప్పుడు గట్టు దాకానే వెళ్లాడు, అది ఆద్ లకుమ్. 'చెర్లకు దిగిండు' అంటే నీళ్లల్లోకి దిగాడు, అది ఇన్ లకుమ్. ఆద్, ఇన్‌ల తేడాకు వేరే పాఠం అక్కర్లేదు. రెండు విభక్తులనూ కోరే 'సబ్' కూడా ఇలాగే పట్టుబడుతుంది. సబ్ అర్బొరే, చెట్టు కింద. సబ్ అర్బొరెమ్, చెట్టు కిందికి. ఇక్కడ లాటిన్ ద్వితీయకు జోడీ మన 'ని' కాదు, 'కు' అన్నది గమనించాలి. జతలు కట్టే పండితులు చూడనిది ఇదే.

ఇంకో సాక్ష్యం దీనికన్నా గట్టిది. పొనెరె, అంటే పెట్టడం, అనే క్రియ వచ్చినప్పుడు లాటిన్ సాధారణంగా ఇన్ తర్వాత అబ్లేటివ్ వాడుతుంది. వస్తువు కదులుతున్నా విభక్తి కదలదు. జర్మన్ అక్కడ అక్యూజటివ్ వాడుతుంది. మరి సిద్దిపేటలో? 'బల్ల మీద పెట్టు' అంటాం, 'మీదికి పెట్టు' అనం. షుల్జ్ మాతృభాషకు లేని పొత్తు మనకుంది. మెకుమ్ అంటే నాతోని. కుమ్ అక్కడ సర్వనామం వెనక్కి చేరి అచ్చం మన ప్రత్యయంలా అంటుకుంటుంది. షష్ఠి తర్వాత వచ్చే 'కౌసా' మన 'కోసం'లాగే నడుస్తుంది. ఊరి పేర్ల సంగతీ ఇంతే. రోముకు వెళ్తున్నానడానికి రోమామ్ అంటే చాలు, ప్రిపొజిషన్ రాదు. మనమూ 'సిద్దిపేట పోతున్న' అని 'కు' వదిలేస్తాం. దోముమ్‌కు లాటిన్‌లో ప్రిపొజిషన్ లేకపోయినా మనం 'ఇంటికి' అనే అంటామన్నది నిజమే, అది ఒక్కమాట తేడా.

ఇన్ని పోలికలు యాదృచ్ఛికమని నేననుకోను. లోపల, బయట, మీద, కింద అనే తలపును లాటిన్‌వాడూ మనవాడూ ఒకే తీరున విడదీశారు. భాషాకుటుంబాల గోడ ఈ విషయంలో మన శాస్త్రజ్ఞులు చెప్పినంత ఎత్తు లేదు. ఇంట్ల, ఇంట్లకు, ఇంట్లకెల్లి అని మాట్లాడుతూ పెరిగిన పిల్లకు ఈ పాఠం ఇంగ్లీషు పిల్లకన్నా ముందే వచ్చేసి ఉంటుంది. బడి ఆ మాటను తప్పని దిద్దడం వల్లే అది మరుగున పడుతున్నది.

తెలుగువారి కోసం లాటిన్ వాచకం రాయబోయేవారికి నా మనవి ఒకటే. ఏడు విభక్తుల పట్టికను అనుబంధంలోకి నెట్టి, మొదటి పాఠం 'చెర్ల, చెర్లకు, చెర్లకెల్లి'తో మొదలుపెట్టండి.